లినక్స్‌లో రోలింగా, స్టేబులా, మధ్యలో ఆగాలా?

బయటికి వెళ్లడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే పనైపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. తీసి మళ్లీ పెట్టాను. ఇంకో పోర్టులో పెట్టాను. చివరికి టెర్మినల్ తెరిచి చేత్తో మౌంట్ చేయబోతే, ఈ ఫైల్‌సిస్టమ్ రకమేదో తనకు తెలియదంది. దాదాపు ప్రతి పెన్‌డ్రైవ్ మీదా ఉండే ఫ్యాట్‌ని గుర్తుపట్టని లినక్స్!

గంట క్రితం నేనే అప్‌డేట్ కొట్టాను. అందులో కొత్త కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, వచ్చింది. డిస్కు మీద పాత కెర్నల్ మాడ్యూళ్లు (అవసరమైనప్పుడు కెర్నల్ తెచ్చుకునే విడిభాగాలు) పోయి కొత్తవి వచ్చి కూర్చున్నాయి. మెమరీలో నడుస్తున్నది మాత్రం ఇంకా పాత కెర్నలే. ఫ్యాట్ మాడ్యూల్ కోసం అది తన ఫోల్డర్ వెతుక్కుంటే, అక్కడ ఫోల్డరే లేదు. రీబూట్ చేయగానే అంతా సర్దుకుంది. పేరెందుకులే గానీ అదొక రోలింగ్ డిస్ట్రో, అంటే పెద్ద రిలీజ్ కోసం ఆగకుండా కొత్త వెర్షన్లను ఎప్పటికప్పుడు అందించే లినక్స్ రకం. నిజానికి దాని తప్పేమీ లేదు. కెర్నల్ మారాక రీబూట్ చేయకుండా కూర్చున్న తప్పు నాదే. కాకపోతే అదే గదిలో డెబియన్ స్టేబుల్ నడుస్తున్న పాత ల్యాప్‌టాప్ ఇంకోటి ఉంది. అక్కడ కొత్త కెర్నల్ వచ్చినప్పుడు పాతదాన్ని పీకేయకుండా పక్కనే ఉంచుతారు. నెలకోసారి రీబూట్ చేసినా ఇలాంటి తలనొప్పి రాలేదు.

అప్పటినుంచి ఎవరైనా ఏ డిస్ట్రో వేసుకోమంటారని అడిగితే వెంటనే పేరు చెప్పడం మానేశాను. ముందు ఒకటే అడుగుతున్నాను: అప్‌డేట్ కొట్టిన రోజు మీ చేతిలో ఓ అరగంట ఖాళీ ఉంటుందా? మార్పు ఎలాగూ వస్తుంది. దాన్ని రోజూ కొంచెం కొంచెంగా తీసుకుంటారా, రెండేళ్లకోసారి మూటగట్టి ఒకేసారి తీసుకుంటారా అన్నదే తేల్చుకోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

స్టేబుల్ అన్న మాటతోనే తంటా

స్టేబుల్ అంటే క్రాష్ అవ్వదని చాలామంది అనుకుంటారు. డిస్ట్రోల భాషలో దానర్థం మారదు అని. డెబియన్ 12, అంటే బుక్‌వర్మ్, 2023 జూన్ 10న కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ 5.27 వెర్షన్‌తో వచ్చింది. ప్లాస్మా 6 విడుదలైంది 2024 ఫిబ్రవరి 28న. రోలింగ్ వాడేవాళ్లకు అది వారాల్లో చేరిపోయింది. బుక్‌వర్మ్ వాళ్లు మాత్రం 5.27 మీదే ఉండిపోయారు. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 ట్రిక్సీ వచ్చాకే వాళ్లకు ప్లాస్మా 6.3 దక్కింది. ఏడాదిన్నర ఎదురుచూపు అన్నమాట. కొందరికి ఇది నరకం. నాకు తెలిసిన కొందరికైతే ప్లాస్మా 6 అనేది ఒకటి వచ్చిందని కూడా తెలియదు, హాయిగా పని చేసుకున్నారు.

ఆ ఏడాదిన్నరలో బుక్‌వర్మ్‌కి అప్‌డేట్లు రాలేదని కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో చేసిన దిద్దుబాటును అక్కడివరకే కత్తిరించి తెచ్చి పాత వెర్షన్‌కి కుట్టేస్తారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు. అసలు వెర్షన్ నంబర్ కదలదు, దాని చివర ఉండే తోక మాత్రం మారుతుంది. అందుకే వెర్షన్ నంబర్ ఒక్కటే చూసే సెక్యూరిటీ స్కానర్లు స్టేబుల్ డిస్ట్రోల మీద ఉత్తుత్తి అలారాలు మోగిస్తుంటాయి. నంబర్ పాతదని కంగారుపడి మూలం నుంచి కొత్త వెర్షన్ కంపైల్ చేసి పెట్టుకున్నారంటే, అప్పటినుంచి ఆ ప్యాకేజీకి సెక్యూరిటీ కాపలా మీదే.

మారదు కాబట్టి బగ్ ఉండదా అంటే, అదీ లేదు. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 పాయింట్ రిలీజ్, అంటే దిద్దుబాట్ల కట్ట, సిద్ధమైంది. అందులోని 6.1.64 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద డేటా పాడయ్యే ప్రమాదం ఉందని బయటపడింది. 12.3 ఇమేజ్‌లు ఆపేసి, డిసెంబరు 10న నేరుగా 12.4 ఇచ్చారు. స్టేబుల్ కెర్నల్‌లోకి ఏదో దిద్దుబాటుతో పాటే ఈ బగ్గూ వచ్చింది.

అంతకంటే పాతది, ఇంకా పెద్దది ఒకటుంది. ఒక పరీక్షా పరికరం ఇస్తున్న హెచ్చరికలను ఆపడానికని 2006లో డెబియన్ ఎన్‌క్రిప్షన్‌కి వాడే తన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో చిన్న మార్పు చేసింది. ఆ మార్పుతో కీలు తయారుచేసేటప్పుడు ఉండాల్సిన యాదృచ్ఛికత దాదాపు మొత్తం పోయింది. ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలే మిగిలాయి. ఆ మాత్రం కీలన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవడం ఎవరికైనా సాధ్యమే. 2008 మే దాకా ఇది ఎవరి కంటా పడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. డిస్ట్రో వాళ్లు చేత్తో కుట్లు వేసేకొద్దీ ఇలాంటివి జరిగే వీలు ఉంటూనే ఉంటుంది. రోలింగ్ డిస్ట్రోలు చాలావరకు మూల రచయితలు ఇచ్చింది ఇచ్చినట్టే అందించడానికి ఇష్టపడటం వెనక ఈ ఆలోచన కూడా ఉంది.

మిగతా స్టేబుల్ డిస్ట్రోల గురించి రెండు ముక్కలు. ఉబుంటు ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రిలీజ్, రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, మామూలు సపోర్ట్ 5 ఏళ్లు. అయితే ఆ హామీ ప్రధానంగా మెయిన్ అనే రిపోలోని, అంటే ప్యాకేజీల గిడ్డంగిలోని, ప్యాకేజీలకే. యూనివర్స్ రిపోలో ఉన్న వేలాది ప్యాకేజీలకు ఉబుంటు ప్రో అనే అదనపు సేవ ఆన్ చేస్తే తప్ప అదే స్థాయి భరోసా ఉండదు. ఈ సంగతి చాలామంది గమనించరు. మధ్యలో వచ్చే ఉబుంటులకు 9 నెలలే. ఫెడోరా ఆరు నెలలకోసారి వస్తుంది, ఒక్కోటి సుమారు 13 నెలలు ఉంటుంది. పైగా ఒకే ఫెడోరా రిలీజ్‌లో ఉండగానే కెర్నల్ కొత్త వెర్షన్లకు మారుతూ పోతుంది. పేరుకి స్టేబులే గానీ స్వభావంలో సగం రోలింగ్ అని నేనంటాను.

రోలింగ్‌లో గేట్లు ఎక్కడున్నాయి?

రోలింగ్ అనగానే అందరూ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి రోలింగ్ డిస్ట్రోల మధ్య తేడాలు రోలింగ్‌కీ స్టేబుల్‌కీ ఉన్న తేడా కంటే పెద్దవి. కొత్త ప్యాకేజీ మూల రచయిత చేతిలోంచి బయలుదేరి మీ డిస్కు మీదికి చేరేలోపు ఎన్ని గేట్లు దాటుతుంది, ఆ గేట్ల దగ్గర ఎవరు నిలబడ్డారు అని చూడాలి.

ఆర్చ్ సంగతి తీసుకోండి. 2002లో మొదలైంది. కోర్, ఎక్స్‌ట్రా లాంటి ప్రధాన రిపోలకు ముందు వాటి టెస్టింగ్ రిపోలు ఉంటాయి. ముఖ్యమైన ప్యాకేజీలు అక్కడ కొన్నాళ్లు ఆగి ఇవతలికి వస్తాయి. పరీక్షించేది చాలావరకు మనుషులే. చేత్తో చేయాల్సిన పని ఏదైనా ఉంటే వాళ్ల వార్తల పేజీలో రాస్తారు, అప్‌డేట్‌కి ముందు అది చదవడం వాడేవాళ్ల బాధ్యత. చదవకపోయినా, అది రాకముందే అప్‌డేట్ కొట్టినా ఏమవుతుంది? 2022 ఆగస్టులో, సిస్టమ్‌ని బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రామ్ విషయంలో ఏమైందో చూడండి. గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయింది. ప్యాకేజీ అప్‌డేట్ అయినంత మాత్రాన బూట్ పార్టిషన్‌లో అంతకుముందు ఇన్‌స్టాల్ చేసిన గ్రబ్ మారదు, దాన్ని విడిగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. కొందరి సిస్టమ్‌లలో కాన్ఫిగరేషన్ ఫైలు మాత్రం కొత్తగా తయారైంది. పాత గ్రబ్ ఆ కొత్త ఫైలులోని ఆదేశాన్ని అర్థం చేసుకోలేక, ఆన్ చేసిన ప్రతిసారీ బయోస్ స్క్రీన్‌కి వెళ్లిపోయింది. వార్తల పేజీలో ప్రకటన వచ్చేసరికి చాలామంది అప్పటికే అప్‌డేట్ కొట్టేశారు. లైవ్ యూఎస్‌బీ ఉన్నవాడు పావుగంటలో బాగుచేసుకున్నాడు. లేనివాడు ఆ రోజంతా పోగొట్టుకున్నాడు. ఆర్చ్ వేసుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: సొరుగులో బూటయ్యే పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ కూడా రోలింగే, గేటు మాత్రం వేరు. అక్కడ ప్యాకేజీలను విడివిడిగా వదలరు. మొత్తం డిస్ట్రోని ఒక స్నాప్‌షాట్‌గా కట్టి ఓపెన్‌క్యూఏ అనే ఆటోమేటిక్ పరీక్షా వ్యవస్థకు అప్పగిస్తారు. అది వర్చువల్ మెషీన్లలో ఇన్‌స్టాల్ చేసి, బూట్ చేసి, డెస్క్‌టాప్ తెరిచి, మౌస్ నొక్కి, స్క్రీన్ మీద రావాల్సిన బొమ్మ వచ్చిందా అని పోల్చి చూస్తుంది. నెగ్గిన స్నాప్‌షాటే బయటికి వస్తుంది. ఇక రెండో గేటు మీ ఇంట్లోనే ఉంటుంది. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో చేసే డిఫాల్ట్ ఇన్‌స్టాలేషన్‌లో ప్రతి అప్‌డేట్‌కి ముందూ వెనకా స్నాపర్ అనే పరికరం మీ సిస్టమ్‌కే ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచుతుంది. పొద్దున స్క్రీన్ నల్లగా వచ్చిందనుకోండి, బూట్ మెనూలో నిన్నటిది ఎంచుకుని లోపలికి వెళ్లి, రోల్‌బ్యాక్ ఇస్తే సరి. మొదట్లో చెప్పిన అరగంట ఇక్కడ ఐదు నిమిషాలకు దిగుతుంది. డౌన్‌లోడ్ మాత్రం తక్కువేమీ కాదు. కంపైలర్ లాంటిది మారిన వారం వేల ప్యాకేజీలు తిరిగి కట్టబడి అన్నీ దిగుతాయి. నెట్ డేటా లెక్కపెట్టుకుని వాడేవాళ్లకు ఇది భారమే.

ఇక రోలింగ్ స్టేబుల్ అనదగ్గ మధ్య రకం. రోలింగే గానీ కాస్త వెనకగా నడుస్తుంది. ఆర్చ్ మీద కట్టిన మంజారోలో అన్‌స్టేబుల్, టెస్టింగ్, స్టేబుల్ అని మూడు బ్రాంచ్‌లు. ఆర్చ్ స్టేబుల్‌లోకి వచ్చినవి ముందు అన్‌స్టేబుల్‌కి, ఆపై టెస్టింగ్‌కి, కొన్ని వారాలకు స్టేబుల్‌కి కట్టలు కట్టలుగా వస్తాయి. ముందు నడిచేవాడు గోతిలో పడితే వెనకవాడికి దారి తెలుస్తుంది, లెక్క అదే. ఇబ్బందల్లా ఏయూఆర్‌తో, అంటే ఆర్చ్ వాడేవాళ్లే రాసి పెట్టే ప్యాకేజీల రిపోతో, వస్తుంది. ఏయూఆర్‌లోని ప్యాకేజీ వివరాలు అప్పటికప్పుడు ఉన్న ఆర్చ్‌ని చూసి రాసినవి. మీ దగ్గరున్న లైబ్రరీ (ప్యాకేజీలు ఆధారపడే ఉమ్మడి కోడ్) రెండు వారాలు పాతది. చాలాసార్లు నడుస్తుంది, ఒక్కోసారి కంపైల్ అవ్వనే అవ్వదు. ఏయూఆర్ కోసమే ఆర్చ్ వైపు చూస్తుంటే సరాసరి ఆర్చ్‌కే వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ఓపెన్‌సూసేలో ఈ మధ్య రకానికి స్లోరోల్ అని పేరు. టంబుల్‌వీడ్‌లోంచి పెద్ద మార్పులు దాదాపు నెలకోసారి వస్తాయి, సెక్యూరిటీ దిద్దుబాట్లు, బగ్ దిద్దుబాట్లు మాత్రం మధ్యలోనే దిగుతాయి. ఈ విభజన నాకు బాగా నచ్చింది. ఆలస్యం చేసే ఛానెల్ (అప్‌డేట్లు వచ్చే దారి) ఏదైనా సరే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: సెక్యూరిటీ ప్యాచ్ కూడా అందరితో పాటు క్యూలో నిలబడాలా, దానికి పక్క దారి ఉందా?

ఆ ప్రశ్న డెబియన్ టెస్టింగ్‌ని అడిగితే జవాబు అంత బాగుండదు. సిడ్ అని పిలిచే అన్‌స్టేబుల్‌లోకి ప్యాకేజీ వస్తుంది. కొత్తగా పెద్ద బగ్గులేవీ తేకపోతే, అవసరాన్ని బట్టి సాధారణంగా 2 నుంచి 10 రోజుల తర్వాత టెస్టింగ్‌లోకి దిగుతుంది. వింటానికి బాగుంది. కానీ ఆ దిద్దిన ప్యాకేజీ ఆధారపడే ఇంకో లైబ్రరీ సిడ్‌లోనే ఇరుక్కుపోయిందా, ఇదీ దానితో పాటే ఇరుక్కుంటుంది. అప్పుడు స్టేబుల్‌కీ సిడ్‌కీ దిద్దుబాటు అందినా టెస్టింగ్ ఖాళీ చేతులతో మిగులుతుంది. దానికి తోడు కొత్త రిలీజ్ ముందు నెలల తరబడి ఫ్రీజ్, అంటే కొత్త మార్పులకు కట్టడి, ఉంటుంది, రిలీజ్ అవ్వగానే వరదలా మార్పులు వస్తాయి. టెస్టింగ్‌ని రోజువారీ రోలింగ్‌గా వాడటం నేను ఎవరికీ సిఫారసు చేయను. దాని అసలు పని తర్వాతి స్టేబుల్‌ని తయారుచేయడం. ఒక్క మినహాయింపు: ఫ్రీజ్ మొదలయ్యాక, రిపో వివరాల్లో టెస్టింగ్ అని కాకుండా రాబోయే రిలీజ్ పేరు రాసి వేసుకుంటే, అది విడుదలైన రోజున మీ సిస్టమ్ దానంతటదే స్టేబుల్ అయిపోతుంది. ఇది చాలా పాత చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇదే తిరగబడి దెబ్బకొట్టే వీలూ ఉంది. రిపో వివరాల్లో బుక్‌వర్మ్ అని కాకుండా స్టేబుల్ అని రాసుకున్నవాళ్లకు 2025 ఆగస్టులో అప్‌డేట్ జాబితా తెరిస్తే డెబియన్ మొత్తం మారిపోతానంటూ ఎదురొచ్చింది. సర్వర్‌లో ఎప్పుడూ రిలీజ్ పేరే రాయండి.

నిక్స్‌ఓఎస్ అనే డిస్ట్రోది వేరే దారి. ఛానెల్ అన్న మాటకి సరైన అర్థం అక్కడే కనిపిస్తుంది. హైడ్రా అనే బిల్డ్ వ్యవస్థలో ఎంపిక చేసిన పరీక్షలు నెగ్గితేనే అన్‌స్టేబుల్ ఛానెల్ ముందుకు జరుగుతుంది. నెగ్గకపోతే రోజుల తరబడి ఉన్నచోటే ఉంటుంది. స్టేబుల్ ఛానెళ్లు మే, నవంబర్ నెలల్లో వస్తాయి, ఒక్కోదానికి సుమారు 7 నెలల ఆయుష్షు. ప్రతి మార్పూ బూట్ మెనూలో ఒక కొత్త తరం (జనరేషన్) లాగా చేరుతుంది, పాతవి అలాగే ఉంటాయి. ఒక్క ప్యాకేజీని మాత్రం అన్‌స్టేబుల్ నుంచి తెచ్చుకుని మిగతాదంతా స్టేబుల్‌లో ఉంచడం అక్కడ చాలా మామూలు విషయం. జెంటూ అనే డిస్ట్రోలో కూడా అంతే, ఏ ప్యాకేజీ పరీక్షా వెర్షన్ కావాలో దాని ఒక్కదానికే అనుమతి ఇవ్వొచ్చు. నిక్స్ నేర్చుకోవడానికి మాత్రం అరగంట కాదు, కొన్ని వారాంతాలు పోతాయి.

ఆలస్యం అమృతం విషం అంటారు గానీ

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒక సంగతి బయటపెట్టారు. తన డెబియన్ సిడ్ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆరా తీస్తే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. ఆ ప్యాకేజీని చూసుకునే నమ్మకాన్ని రెండేళ్లకు పైగా ఓపిగ్గా సంపాదించుకున్న వ్యక్తే పెట్టాడు. మొదటి చెడు వెర్షన్ వచ్చి అప్పటికి నెల దాటింది. డెబియన్ సిడ్, టెస్టింగ్, టంబుల్‌వీడ్, ఫెడోరా అభివృద్ధి శాఖ అయిన రాహైడ్, ఇంకా విడుదల కాని ఫెడోరా 40 వీటన్నిటిలోకీ ఆ వెర్షన్లు చేరాయి. ఆర్చ్‌లోకీ వచ్చాయి గానీ అక్కడ ఎస్ఎస్‌హెచ్ ఎక్స్‌జెడ్ లైబ్రరీతో కలిసి ఉండదు కాబట్టి ఆ దారి తెరుచుకోలేదు. డెబియన్ స్టేబుల్, అప్పటికే విడుదలైన ఉబుంటు ఎల్‌టీఎస్‌ల దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆలస్యం వల్ల అమృతం విషమవుతుందంటారు, ఇక్కడ ఆలస్యమే విషాన్ని గడప దాటనివ్వలేదు.

దీన్ని పట్టుకుని రోలింగ్ ప్రమాదకరమని తీర్పు చెప్పేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. దాన్ని పట్టుకున్నది సిడ్ వాడుతున్న మనిషే. ఎవరూ ముందు నడవకపోతే అది సడీచప్పుడూ లేకుండా తర్వాతి స్టేబుల్‌లోకి దర్జాగా వచ్చేసేది. స్టేబుల్ వాడేవాళ్లు హాయిగా నిద్రపోతున్నారంటే ముందు వరుసలో ఎవరో మేలుకుని ఉన్నారనే. అయితే ఆ ముందు వరుసలో మీ ఆఫీసు సర్వర్ ఉండాలా అన్నది వేరే ప్రశ్న.

మరి మీకేది?

సర్వర్ అయితే నా దగ్గర రెండో మాట లేదు, స్టేబులే. కారణం క్రాష్‌లు కాదు, డేటా. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెద్ద వెర్షన్ మారినప్పుడు పాత డేటా ఫోల్డర్‌ని కొత్త వెర్షన్ తెరవదు, విడిగా మార్చుకోవాలి. ఆర్చ్‌లో మామూలు అప్‌డేట్‌లోనే ఆ పెద్ద వెర్షన్ వచ్చేస్తుంది, చూసుకోకపోతే రీస్టార్ట్ తర్వాత డేటాబేస్ లేవదు. బుక్‌వర్మ్‌లో వెర్షన్ 15 అంటే ఆ రిలీజ్ ఉన్నంతకాలం 15 మీదే ఉంటుంది, ఎప్పుడు మార్చాలో మీరు తేదీ పెట్టుకోవచ్చు.

కొత్తగా మార్కెట్‌లోకి వచ్చిన ల్యాప్‌టాప్ కొన్నారా? అప్పుడు లెక్క తిరగబడుతుంది. వైఫై చిప్‌కి, గ్రాఫిక్స్‌కి కావాల్సిన డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. కెర్నల్ దాదాపు 9, 10 వారాలకో కొత్త వెర్షన్ ఇస్తుంది. ఏడాదిన్నర పాత కెర్నల్‌తో ఇన్‌స్టాలర్ పెడితే వైఫై కూడా కనబడకపోవచ్చు. టంబుల్‌వీడ్ గానీ ఫెడోరా గానీ చూడండి. స్టేబులే కావాలంటే డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ అనే విడి రిపోలో కొత్త కెర్నల్ దొరుకుతుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ డెస్క్‌టాప్‌కి కూడా కొన్ని నెలలకోసారి కొత్త కెర్నల్ వరుస అందుతుంది.

ఎన్విడియా కార్డు, అందులోనూ పాత కార్డు ఉన్నవాళ్లు రోలింగ్‌కి వెళ్లే ముందు కాస్త ఆగండి. వాళ్ల మూసి ఉంచిన డ్రైవర్ కెర్నల్‌తో పాటు నడవాలి. కెర్నల్ ముందుకెళ్లి డ్రైవర్ వెనకబడిన వారం స్క్రీన్ నల్లగా ఉంటుంది. ఆర్చ్ వాడేవాళ్లు పక్కన ఎల్‌టీఎస్ కెర్నల్ ప్యాకేజీ కూడా పెట్టుకోవడం మంచిది. బూట్ మెనూలో రెండో దారి ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు రోలింగ్ సహజంగా నచ్చుతుంది, కొత్త కంపైలర్, కొత్త ఎడిటర్ అన్నీ చేతికొస్తాయి. పైథాన్ కొత్త వెర్షన్ దిగిన రోజు మాత్రం పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లన్నీ మొరాయిస్తాయని ముందే తెలుసుకోండి. ప్రాజెక్టుకి కావాల్సిన వెర్షన్లను కంటెయినర్లలో (మిగతా సిస్టమ్‌కి విడిగా నడిచే డబ్బాల్లో) కట్టేసుకునే అలవాటుంటే సమస్య లేదు. అప్పుడు కింద ఏ డిస్ట్రో ఉన్నా ఒకటే కాబట్టి స్టేబుల్ వేసుకున్నా నష్టం లేదు.

అరుదుగా తెరిచే ల్యాప్‌టాప్ గురించి ఎవరూ చెప్పరు. ఆరు నెలలు మూలన పడున్న ఆర్చ్ మెషీన్‌ని తెరిచి అప్‌డేట్ కొడితే, ముందుగా ప్యాకేజీల సంతకాల కీలే పాతబడిపోయి ప్యాకేజీలు తిరస్కరణకు గురికావచ్చు. కీల ప్యాకేజీని ముందు విడిగా అప్‌డేట్ చేసుకుని, ఆర్నెల్ల వార్తలన్నీ చదువుకుని, అప్పుడు ముందుకెళ్లాలి. రోలింగ్ అనేది రోజూ వాడే మెషీన్‌కే నప్పుతుంది. అప్పుడప్పుడూ తెరిచేదానికి, మీరు దూరం నుంచి ఫోన్‌లో సలహాలు చెప్పి నడిపించాల్సిన ఇంట్లోవాళ్ల కంప్యూటర్‌కి స్టేబుల్ తప్ప ఇంకోటి వద్దు.

ఏది తీసుకున్నా దాని వెనక ఎవరున్నారో చూడండి. 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ లినక్స్ 8ని 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో చెప్పారు. ఇంటెల్ నడిపిన క్లియర్ లినక్స్ రోలింగ్ డిస్ట్రోకి 2025 జూలైలో ఉన్నపళంగా అప్‌డేట్లు ఆగిపోయాయి. వెనక పెద్ద కంపెనీ ఉంది కదా అనే ధీమా ఒక్కటే సరిపోదు.

కింద కదలనిది, పైన కొత్తది

నన్నడిగితే చాలామందికి ఇది చాలు. కింద డెబియన్ స్టేబులో, ఉబుంటు ఎల్‌టీఎస్సో పెట్టుకుని, కొత్తగా కావాల్సిన నాలుగైదు యాప్‌లను, డిస్ట్రోతో పని లేకుండా యాప్‌లు అందించే ఫ్లాట్‌ప్యాక్‌లోంచి తెచ్చుకోవడం. ఎడిటర్ కొత్తది, వీడియో సాఫ్ట్‌వేర్ కొత్తది, కెర్నల్ మాత్రం పాతదే. ఒక యాప్ చెడిపోతే ఆ యాప్ వరకే చెడిపోతుంది, బూట్ ఆగదు. అలాంటిదే అయిన స్నాప్‌లో అయితే ఒక్కో యాప్‌కే స్టేబుల్, క్యాండిడేట్, బీటా, ఎడ్జ్ అని నాలుగు ఛానెళ్లున్నాయి. యాప్‌ని బట్టి ఛానెల్ ఎంచుకోవచ్చు. డిస్ట్రోబాక్స్ అనే పరికరంతో డెబియన్ లోపల ఒక ఆర్చ్ కంటెయినర్ నడుపుకునేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ డిస్కులో చోటు ఎక్కువ తింటాయి, కొన్ని యాప్‌లు థీమ్ సరిగ్గా పట్టుకోవు, ఫైళ్ల అనుమతుల దగ్గర ఒక్కోసారి విసిగిస్తాయి. అయినా పెన్‌డ్రైవ్ మౌంట్ అవుతుంది.

చేయకూడనిది ఇంకో రకం కలగలుపు. డెబియన్ స్టేబుల్‌లో ఒక్క ప్యాకేజీ కోసమని సిడ్ రిపో జోడించి తెచ్చుకుంటే, దాని వెంట దాదాపు అన్ని ప్యాకేజీలూ ఆధారపడే సీ భాష లైబ్రరీ కొత్తది వస్తుంది, ఆ లైబ్రరీ వెంట ఇంకో నలభై వస్తాయి. చివరికి అది స్టేబులూ కాదు, సిడ్డూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి. డెబియన్ వాళ్లు ఇలాంటి సిస్టమ్‌లకు ఫ్రాంకెన్‌డెబియన్ అని పేరు కూడా పెట్టారు. ఆర్చ్‌లో ఇదే తప్పు ఇంకో రూపంలో జరుగుతుంది. ప్యాకేజీల జాబితాను తాజా చేసి, మొత్తం అప్‌డేట్ చేయకుండా కావాల్సిన ఒక్కటే ఇన్‌స్టాల్ చేస్తారు. కొత్త ప్యాకేజీ కొత్త లైబ్రరీని అడుగుతుంది, మీ దగ్గర పాతది ఉంటుంది. అప్‌డేట్ అంటే అక్కడ మొత్తమూ చేయాలి, లేదా ఏమీ చేయకూడదు.

వెనక్కి రావడం గురించి ముందే

స్టేబుల్ నుంచి రోలింగ్‌కి వెళ్లడం చాలా తేలిక. డెబియన్‌లో రిపో వివరాలు మార్చి పూర్తి అప్‌గ్రేడ్ కొడితే ఒక సాయంత్రంలో సిడ్‌లో ఉంటారు. వెనక్కి రావడానికి మాత్రం అలాంటి దారి లేదు. ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయ్యేటప్పుడు పాత కాన్ఫిగరేషన్‌ని కొత్త రూపంలోకి మార్చే స్క్రిప్టులు ఉంటాయి, కొత్తదాన్ని తిరిగి పాత రూపంలోకి మార్చేవి దాదాపు ఎవరూ రాయరు. సిడ్ నుంచి స్టేబుల్‌కైనా, టంబుల్‌వీడ్ నుంచి ఓపెన్‌సూసే వాళ్ల స్టేబుల్ డిస్ట్రో లీప్‌కైనా తిరిగి రావాలంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి. కాబట్టి అటూ ఇటూ ఊగిసలాడుతుంటే స్టేబుల్‌తో మొదలుపెట్టండి, అక్కడినుంచి ముందుకు వెళ్లే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

హోమ్ ఫోల్డర్ విడి పార్టిషన్‌లో ఉంది కాబట్టి నాకేం భయం లేదనుకుని నేనూ ఒకసారి రోలింగ్ తీసేసి స్టేబుల్ వేశాను. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే, ఈ ప్రొఫైల్‌ని ఇంతకంటే కొత్త వెర్షన్‌లో వాడారు, దీంతో తెరవను, కొత్త ప్రొఫైల్ చేసుకోండి అంది. స్నాపర్‌తో రోల్‌బ్యాక్ చేసినా ఇంతే, అది సిస్టమ్‌ని వెనక్కి తిప్పుతుంది గానీ డిఫాల్ట్‌గా హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు. నిక్స్‌లో పాత తరానికి వెళ్లినా డేటాబేస్ ఫైళ్లు కొత్త రూపంలోనే ఉంటాయి. అందుకని ఇప్పుడు ఛానెల్ మార్చే ముందు బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, డేటాబేస్ డంప్ ఒక ఫైలుగా బయటికి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటున్నాను, రీబూట్ చేశాకే.